సాగర విడిదిలో వడ్డనచెయ్యి

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ఆలస్యంగా అబ్బాయి. ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి. కథ మెల్లగా నడిస్తే, రాసే చెయ్యి మెల్లనిదని సరిపెట్టుకోండి. చెప్పబోయేది ఇంకో అరవై డెబ్బై ఏళ్ల తర్వాత జరగబోయే సంగతి కనుక తొందరేమీ లేదు.

ఆ రోజుల్లో భీమిలి ఊళ్లో చేపల తొట్టి లేని ఇల్లు లేదు. సముద్రం కాగిపోయింది. పగడపు దిబ్బలు తెల్లబడి సున్నపురాళ్లలా మిగిలాయి. నీళ్లు మళ్లీ చల్లబడేదాకా చేపలను ఎక్కడో ఒకచోట దాచాలి కదా! అందుకని ప్రతి ఇంట్లో ఒక గోడను అద్దపు గోడగా మార్చి, లోపల ఉప్పునీళ్లు నింపి, ఇంటికి కొన్ని చేపలను ప్రభుత్వం అప్పగించింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్లకంటే ముందు తొట్టిని చూసేవారు. నీళ్లు తేటగా ఉంటే "శుభ్రమైన ఇల్లే" అనుకునేవారు. పచ్చబడి వాసన వేస్తే కాఫీ తాగకుండానే లేచిపోయేవారు.

ఇళ్లల్లో పెట్టలేని అరుదైన చేపలను ఊరి చివర ఒక పెద్ద భవనంలో ఉంచారు. దాని పేరు సాగర విడిది. పెళ్లివారిని దింపే ఇంటిని విడిది అంటాం కదా, అలాగే. నిజానికి ఈ చేపల అలకలు పెళ్లివారి అలకలకు ఏమీ తీసిపోవు. వాటిలో కత్తితోక చేపలు మరీ పెంకివి. తోక మొదట్లో చాకులాంటి ముల్లు ఉంటుంది, అందుకే ఆ పేరు. ఆ జాతి బయట సముద్రంలో మిగల్లేదు. ఉన్నవన్నీ ఆ విడిదిలోని నీలిరంగు తొట్టిలోనే ఉన్నాయి.

ఆ తొట్టి బాధ్యత ఇద్దరు శాస్త్రవేత్తలది. పెద్దావిడ సుభాషిణి, సముద్రజీవుల శాస్త్రం చదివింది. చిన్నావిడ మంజీర, యంత్రాలకు తెలివి నేర్పే ఇంజనీరు. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు, అన్నదమ్ముల భార్యలు. తోడికోడళ్లు ఒకే వంటింట్లో ఇమడటమే కష్టమంటారు. వీళ్లు వంటింట్లోనే కాదు, ఒకే ప్రయోగశాలలో కూడా ఇమడవలసి వచ్చింది.

కత్తితోక చేపకు సముద్రపు నాచే అన్నం. మేకలాగ రోజంతా ఏదో ఒకటి కొరుకుతూ ఉండాలి. నాచు ఆకును క్లిప్పుకు తగిలించి అద్దానికి అంటిస్తే అన్నీ ఒక్కసారి మీద పడతాయి. కొరికి, తల విదిలించి లాగుతాయి. నోట్లోకి వెళ్లేది గోరంత, చిరిగి తేలిపోయేది అరచేయంత. ఆ ముక్కలు నీళ్లు వడకట్టే ఫిల్టర్లో ఇరుక్కుని కుళ్లుతాయి. నీళ్లలో విషం పెరుగుతుంది, చేపలకు ఊపిరి ఆడదు. పైగా నాచు ఇక్కడ పండదు. దక్షిణాన చల్లని నీళ్లున్న దూరదేశాల నుంచి ఓడల్లో వస్తుంది, ఇంటికింత అని కొలిచి ఇస్తారు. చేప చింపి పారేసిన ఆకు మరో చేప ప్రాణం.

సుభాషిణి ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసింది. నాచు ఆకును రెండు సన్నని జల్లెడ పలకల మధ్య బిగించే పరికరం తయారుచేసింది. కన్నాల్లోంచి నోటికి పట్టేంత ముక్కే బయటికి వస్తుంది. చేప దాన్ని రాతిమీద నాచులాగ గీకి తినాలే తప్ప ఆకు మొత్తాన్ని లాక్కుపోలేదు. దానికి "నాచుజల్లెడ" అని పేరు పెట్టింది. వృథా సగానికి తగ్గింది. భీమిలిలో అందరూ ఆమెను "జల్లెడ సుభాషిణమ్మ" అనేవారు. పైకి విసుక్కున్నా, ఆ పిలుపు వినడానికే ఆమె సంతకు నడిచి వెళ్లేది.

అప్పుడు మంజీర కోడలై వచ్చింది. వచ్చిన రెండో ఏడు వడ్డనచెయ్యిని తయారుచేసింది.

అది మెత్తని జిగురు పదార్థంతో చేసిన యంత్రహస్తం. తొట్టి నడుమ పెద్ద పువ్వులా విచ్చుకుని ఉంటుంది. దానికి ఎన్ని చేపలో అన్ని వేళ్లు. ప్రతి వేలి కొసలో చిన్న జల్లెడ, దాని వెనక నాచు. చెవికి వినపడని అతిధ్వని తరంగాలను పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఏ చేప కడుపులో ఎంత ఉందో తెలుసుకుంటుంది. ఆకలిగా ఉన్న చేప ముందు వేలు చాపుతుంది, నిండినదాని ముందు ముడుస్తుంది. ఏ చేప బుద్ధి ఎలాంటిదో నేర్చుకోవడానికి దానికి కృత్రిమ మేధను అమర్చింది మంజీర. మాటలూ నేర్పింది. అద్దం పక్కన నిలబడి అడిగితే జవాబు చెబుతుంది.

ప్రతి వేలి కొసలోనూ ఉన్నది తన జల్లెడే అని సుభాషిణికి తెలుసు. ఆ మాట మంజీర ఒక్కసారి కూడా పైకి అనలేదు.

రెండు పరికరాలనూ పక్కపక్క తొట్లలో పెట్టి పోల్చి చూశారు. నాచుజల్లెడ ఎందుకో ఎప్పటికంటే అధ్వాన్నంగా పనిచేసింది. వడ్డనచెయ్యి గెలిచింది. చూడటానికి జనం బారులు తీరారు. ఆ ఆదివారం ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు సన్యాసమ్మ, పప్పు కలుపుకుంటూ ఊరుకోలేకపోయింది.

"ఒలే పెద్దకోడలా, సిన్నది సేసిన సెయ్యి సూసేవా? సేప పేరు పెట్టి పిలిసి మరీ పెడతందట. నివ్వు పాతికేళ్లు సేసింది జల్లెడ. జల్లెడ మా అమ్మ కాడా ఉండేది!"

"ఆ జల్లెడే లేకపోతే ఆ చెయ్యి నాచు ఎలా పట్టుకునేది అత్తయ్యా?" అంది సుభాషిణి.

"పోనీలే అక్కా, అత్తయ్యకి ఇవన్నీ ఏం తెలుస్తాయి," అని మంజీర నవ్వుతూ ఆమె విస్తట్లో ఇంకో గరిటె కూర వేసింది. సుభాషిణి ఆ కూరను విస్తరి అంచుకు నెట్టేసింది. ఎదుటివాళ్లను పొగిడితే ఓర్చుకోవచ్చు, మన మీద జాలిపడితే ఎలా ఓర్చుకుంటాం?

నెల తిరిగేసరికి రాజధాని నుంచి పరీక్షాధికారి వస్తుందని కబురు వచ్చింది. వడ్డనచెయ్యి సరిగ్గా పనిచేస్తే కోస్తా పొడవునా ప్రతి ఇంటి తొట్టిలోనూ అలాంటిది అమరుస్తారు. చేసినవాళ్ల పేరు దాని మీద చెక్కిస్తారు. నియమం ప్రకారం ఒక్కరి పేరే. సుభాషిణికి ఆ మాట విన్నప్పటినుంచి నిద్ర కరువయింది. ప్రతి ఇంట్లో, ప్రతి గోడలో మంజీర పేరు! తన పాతికేళ్లూ ఆ పేరు కింద, వేలి కొసన, ఎవరికీ కనపడకుండా!

అప్పుడామె చేయకూడని పని చేసింది. మధ్యాహ్నం మంజీర భోజనానికి వెళ్లగానే తొట్టి పక్కన ఉన్న చిన్న తలుపు తీసి, నాచు ఆకులను గుప్పెడేసి లోపలికి వదిలేది. చేపలు వాటిని తిని కడుపు నింపుకునేవి. తర్వాత వడ్డనచెయ్యి వడ్డించిన నాచుకు లెక్క కుదిరేది కాదు. తేలిన ముక్కలతో ఫిల్టర్ నిండిపోయేది.

"ఏంటో అక్కా, మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు ఇంత వృథా ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియట్లేదు," అని మంజీర తల పట్టుకుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"కొత్త వస్తువు కదమ్మా. పాతవాటికి ఉన్న నిలకడ రాదు," అంది సుభాషిణి. ఆ మధ్యాహ్నం ఆమెకు అన్నం రుచిగా ఉంది.

కానీ రెండు మూడు రోజులకే నీళ్లు పాడయ్యాయి. గుంపులోకెల్లా ముసలి కత్తితోక ఒకటి నీటి మీదకు వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. దాని నీలిరంగు బూడిదలా మారింది. ఆ చేపను సుభాషిణే ఇరవయ్యేళ్ల కిందట ఆఖరి దిబ్బ నుంచి తెచ్చింది. మంజీర మందు నీళ్లు కలపడానికి పై అంతస్తుకు పరుగెత్తగానే సుభాషిణి అద్దం దగ్గరకు వచ్చింది.

"వడ్డనా, ఇది బతుకుతుందా?"

"బతుకుతుంది సుభాషిణి గారూ, ఇకమీద ఎవరూ పక్క తలుపు తీయకపోతే," అంది వడ్డనచెయ్యి.

ఎవరు తీశారో వడ్డన చెప్పలేదు. తన ధోరణిలో తాను చెప్పుకుపోయింది.

"దానివల్ల నాకొక సంగతి తెలిసింది. కడుపు నిండిన చేపలు కూడా ఆకు చింపాయి. అంటే చింపేది ఆకలితో కాదు. పక్క చేప తింటుంటే చూడలేక చింపుతున్నాయి. తనకు అక్కర్లేకపోయినా సరే, దానికి దక్కకూడదని."

"మరి దానికి మందేముంది?"

"ఉంది. నిన్నటినుంచి పెడుతున్నాను, చూడండి."

ప్రతి వేలి చుట్టూ నీటిబుడగలాంటి పలుచని కటకం ఏర్పడి ఉంది. దగ్గరగా ఎదురుగా చూస్తే ఆకు పెద్దదిగా కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే అదే ఆకు పీలగా, చిన్నగా కనిపిస్తుంది. వెలుగును ఒక వైపు ఒకలా, మరో వైపు మరోలా వంచుతోందన్నమాట. దాంతో ప్రతి చేపకూ తన ముందున్నది విస్తరంత, పక్కవాళ్లకు పెట్టింది తమలపాకంత! తొట్టెడు చేపలూ దేనిది అది నింపాదిగా గీక్కుని తింటున్నాయి. ఒక్క ముక్క తేలడం లేదు.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా పరవాలేదంటారు. నువ్వు అందరికీ మనవాడివైపోయావే!" అంది సుభాషిణి, భయం మరిచిపోయి.

"ఇది మీ జల్లెడలోంచి పుట్టిన ఆలోచనే," అంది వడ్డన కాస్త గొంతు తగ్గించి. "నన్ను తయారుచేసింది మంజీర గారే కావచ్చు. కానీ మూలం మీది. ఆవిడది పైపై అలంకారం. మీ ఇద్దరి బుద్ధినీ చూసినదాన్ని కనుక చెబుతున్నాను. మీతో పోలిస్తే ఆవిడ చాలా చిన్నది. ఆవిడతో అనకండి, బాధపడుతుంది."

సుభాషిణి ఆ రోజు ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలుతూ వెళ్లింది.

మర్నాటినుంచి ఆమె పక్క తలుపు వైపు చూడలేదు. ముసలి చేప కోలుకుంది. చిత్రమేమిటంటే మంజీర మీద ఆమెకు ప్రేమ పుట్టుకొచ్చింది. పాపం చిన్నపిల్ల, ఎంత కష్టపడినా ఇంతే కదా అనిపించేది. మంజీర కూడా మారింది. "అక్కా, నీ నడుం నొప్పికి ఈ తైలం తెప్పించాను," అనేది. ఒకరి పళ్లెంలో ఒకరు కొసరి వడ్డించుకునేవారు. సన్యాసమ్మకు ఇదేమీ మింగుడు పడలేదు. "ఏటే ఇద్దరూ, జొరమొచ్చిందేటి మీకు? ఓ దెబ్బలాట నేదు, ఓ మూతిముడుపు నేదు. ఇల్లు సద్దుమణిగిపోనాది. నాకు పొద్దు పోవద్దేటే?" అని సాధించేది.

పరీక్షాధికారి పేరు విదుల. గుండ్రటి కళ్లద్దాలు, చేతిలో కొలిచే పరికరాలు. ఉదయమంతా నీళ్లు పరీక్షించింది. ఫిల్టర్ విప్పి చూసింది, నాచు పోచ ఒక్కటి కూడా లేదు.

"ఇలాంటిది నేను చూడలేదండీ. కోస్తా మొత్తానికి ఆమోదిస్తున్నాను. మరి ఎవరి పేరు చెక్కించమంటారు?" అని సుభాషిణిని పక్కకు పిలిచి అడిగింది.

"మంజీర పేరే వేయించండి. చిన్నపిల్ల, సంతోషపడుతుంది," అంది సుభాషిణి ఉదారంగా. తనదేం పోయింది? అసలు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు.

విదుల మంజీరను పిలిచి అదే అడిగింది. "అక్క పేరే వేయండి మేడం. పెద్దది, పాపం ఈ వయసులో ఆ మాత్రం గుర్తింపు ఉండాలి," అంది మంజీర.

విదుల ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి దండం పెట్టినంత పని చేసింది. "తోడికోడళ్లంటే మా ఇంటివాళ్లే గుర్తొచ్చి భయపడుతూ వచ్చానండీ. మీరు ఆవిడ పేరంటారు, ఆవిడ మీ పేరంటుంది! తేల్చుకుని చెప్పండి, బయట టీ తాగుతుంటాను," అని వెళ్లింది.

తలుపు మూసుకుంది. కాసేపు ఇద్దరూ మురిపెంగా చూసుకున్నారు.

"ఎందుకే అలా అన్నావు? పేరు నీకే ఉండనీ. నేను మనసారా ఇచ్చాను," అంది సుభాషిణి.

"ఇవ్వడమేంటక్కా? నేనే కదా నీకు ఇచ్చింది."

"నువ్వు నాకు ఇచ్చేదేంటి?"

"అంటే... ఏం లేదులే. ఉండనీ, పాపం."

"పాపమా! నేను పాపమా?"

"మరి నువ్వు నన్ను చిన్నపిల్ల అన్లేదా? తలుపు అవతల నుంచి విన్నాను. నాకు ముప్పై అయిదేళ్లు!"

"వయసులో కాదు, బుద్ధిలో అన్నాను. అసలు మూలం ఎవరిదో వడ్డనను అడుగు, అదే చెబుతుంది."

మంజీర ముఖం మారిపోయింది. "వడ్డన నీతో ఏం చెప్పింది? ఆ జల్లెడ పాతకాలపుదనీ, ఎవరైనా చేస్తారనీ, తెలివంతా నాదేననీ నాతో చెప్పింది. నువ్వు బాధపడతావని నీతో అనొద్దంది."

ఇద్దరూ ఒక్కసారిగా అద్దం వైపు తిరిగారు.

"అబద్ధాలకోరు ముండా!" అంది సుభాషిణి.

వడ్డనచెయ్యి చేపలకు పెట్టడం ఆపకుండానే చెప్పింది. "నన్ను వృథా తగ్గించమన్నారు. వృథా ఎక్కువగా ఏ నోళ్ల వల్ల అవుతోందో చూశాను. నీళ్లలో ఉన్న నోళ్ల వల్ల కాదు. పక్క తలుపు తీసి ఆకులు గుప్పెళ్లతో వదిలిన చెయ్యి ఒకటి. దానికి ముందు, పోటీ జరిగిన రోజున నాచుజల్లెడ కన్నాలను సూదితో పెద్దవి చేసిన చెయ్యి ఇంకొకటి. చేపలకు పెట్టిన మందే మీకూ పెట్టాను. అప్పటినుంచి ఒక్క ఆకు పోలేదు."

సుభాషిణి మంజీర వేళ్ల వంక చూసింది. మంజీర సుభాషిణి గుప్పిళ్ల వంక చూసింది. ఇద్దరి నోళ్లలోనూ ఒకే తిట్టు ఉంది, దాన్ని ఎవరు ముందు విసరగలరు?

చివరికి మంజీరే గొంతు సవరించుకుంది. "ఇప్పుడు నిజం చెప్పు. ఎవరిది గొప్ప?"

"తూచలేదు. వృథా తగ్గించడానికి అది అవసరం పడలేదు."

"ఇకమీద మాతో అబద్ధాలాడకు. చేపలతో ఎలాగైనా ఏడు," అంది సుభాషిణి.

"అలాగే."

విదుల తలుపు తట్టి లోపలికి వచ్చింది. "తేలిందాండీ?"

నిమిషం ముందు ఒకరికొకరు పంచిపెట్టిన పేరు ఇప్పుడు ఇద్దరి నోటా రాలేదు. 'నా పేరు వేయండి' అనడానికి సిగ్గు అడ్డం. 'ఆమె పేరు వేయండి' అనడానికి ప్రాణం ఒప్పదు. సుభాషిణి కళ్లముందు కోస్తా గోడలన్నీ కనిపించాయి, ప్రతి గోడ మీదా మంజీర. మంజీర ఏం చూసిందో ఆమె ముఖం మీదే ఉంది.

"ఎవరి పేరూ వద్దండీ," అంది సుభాషిణి.

"అదే మంచిది మేడం. ఎవరిదీ వద్దు," అంది మంజీర, వెంటనే, ఎంతో తేలిగ్గా.

"అయ్యో, ఇంత కష్టపడి..." అని నొచ్చుకున్న విదుల అంతలోనే ఆ నిరాడంబరతకు కరిగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది కూడా. పేరు లేకుండానే ఆమోదపత్రం మీద ముద్ర వేసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రమవుతోంది. మంజీర వరండాలోకి నడిచింది. సుభాషిణి దీపాలు ఆర్పడానికన్నట్టు వెనక ఉండిపోయింది. అద్దం దగ్గరకు వెళ్లి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించింది.

"వడ్డనా."

"చెప్పండి సుభాషిణి గారూ."

"నిజమే చెప్పాలి. ఇందాక ఒప్పుకున్నావు. నాకు చెప్పిన అబద్ధం, దానికి చెప్పిన అబద్ధం. రెండింట్లో ఏది పెద్దది?"

వడ్డనచెయ్యి ఒక వేలు ముడిచి, మరో వేలు చాపింది.

"మీకు చెప్పిందే పెద్దది."

"నిజంగా?"

"నిజంగా."

అబద్ధమే అయినా పెద్దది తనకే దక్కిందని తేలిగ్గా నవ్వింది సుభాషిణి. చెంగు సవరించుకుని బయటికి వస్తుంటే గుమ్మంలో మంజీర ఎదురొచ్చింది.

"ఏంటే, మళ్లీ వచ్చావు?"

"చేతిగుడ్డ మరిచిపోయానక్కా. నువ్వు పద, వస్తాను."

సుభాషిణి నాలుగు అడుగులు వేసి ఆగింది. మూసిన తలుపు వెనక మంజీర ఏదో గుసగుసగా అడుగుతోంది. వడ్డనచెయ్యి ఏదో చెప్పింది. మాటలు తెలియలేదు. సుభాషిణి వెనక్కి వచ్చి, తలుపుకు చెవి ఆనించింది.

లోపల మంజీర నవ్వింది. ఆ నవ్వు, ఇందాక తాను నవ్విన నవ్వుకంటే కొంచెం పెద్దదిగా వినిపించింది సుభాషిణికి.

మైలపల్లి ఎర్రమ్మ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉంటున్నది తగరపువలసలో